పన్ను కడుతున్నాం, జవాబు అడుగుదాం

నాటి ప్రభుత్వానిది ‘పన్నుల ఉగ్రవాదం’ అని 2014 ఎన్నికల ప్రణాళికలో భాజపా నిందించింది. ఆ మాట నమ్మి ఓటు వేసినవారు, వేయనివారు బాలాపూర్‌లో ఇరుగుపొరుగునే ఉన్నారు. కిరాణా బిల్లు మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

2014లో లీటరు పెట్రోలుపై కేంద్ర ఎక్సైజు సుంకం రూ. 9.48. 2020 మే నాటికి రూ. 32.98 అయినది. తరువాత కొంత తగ్గించినా పాత స్థాయికి రాలేదు. మినహాయింపులు వదులుకొనే దేశీయ కంపెనీలకు మాత్రం 2019 సెప్టెంబరులోనే పన్ను రేటును 22 శాతానికి దించారు. 2022 జూలై 18 నుంచి ప్యాకెట్ బియ్యం, పిండి, పెరుగుపైనా 5 శాతం జీఎస్టీ పడింది. జీఎస్టీ మండలిలో రాష్ట్రాలూ ఉన్నవి గనుక ఇతర పార్టీలూ బాధ్యత తప్పించుకోజాలవు.

పేదలు పన్ను కట్టరన్నది అపవాదు. షాహీన్‌నగర్ ఆటో డ్రైవరు, ఎర్రకుంటలో కుట్టుపని చేసే తల్లి నిత్యం కడుతూనే ఉన్నారు.

నోటిమాటతో ఫైలు కదలదని గుమాస్తాగా పనిచేసిన మాకు తెలుసు. విసుగుతో ఓటు మానుకోవద్దు. ఓటడగ వచ్చిన ప్రతి పార్టీనీ, మాకు ఏ పన్ను తగ్గిస్తారో కాగితంపై రాసిమ్మని అడుగుదాం.