పతకం విశ్వవిద్యాలయానిది, మోకాలు ఎవరిది?

మన విశ్వవిద్యాలయాలు క్రీడాకారుణ్ణి మూడేళ్లు వాడుకొని నాలుగో ఏట మరచిపోతున్నాయి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో గెలిచిన కప్పు అద్దాల బీరువాలో భద్రంగా ఉంటుంది. ఆ కప్పు కోసం తెగిన మోకాటి లిగమెంటు మాత్రం ఆటగాడితోపాటు పలమనేరుకో, పుంగనూరుకో, శ్రీకాళహస్తికో వెళ్లిపోతుంది. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. దీనిని కృతఘ్నత అని సరిపెట్టుకోవడానికి వీలులేదు. ఇది నివారించగల అనారోగ్యాన్ని చేతులారా పెంచి పోషించడమే.

తెలుగు నేలపై విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్‌ను తలచుకుంటే మొదట స్మరించవలసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులో ఆడి, పట్టభద్రుడై బడిపంతులుగా జీవితం ఆరంభించాడు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొందాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. చదువు, ఉపాధ్యాయ వృత్తి, మైదానం అనే మూడింటినీ ఆయన విడదీయలేదు. అందుకే విద్యార్థి దశ ముగిసినా ఆయనలోని క్రీడాకారుడు ముగిసిపోలేదు.

ఆ కథలో మనం చప్పట్లతో దాటవేసే పుటలు కూడా ఉన్నాయి. జకార్తా విజయం తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం క్యాన్సరుతో మరణించాడు. ఆ జట్టులో ఆడిన సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఊపిరితిత్తుల పొరకు వచ్చిన వ్యాధి కారణంగా ఇరవైల వయసులోనే ఆట నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన 2023 ఫిబ్రవరి దాకా, దాదాపు అరవై ఏళ్లు, జీవించాడు. ఆడిన కాలం కంటే ఆడకుండా గడిపిన కాలం ఎన్నో రెట్లు ఎక్కువ. జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడిన గాయంతోనే ఫైనల్‌లో ఆడి గోలు కొట్టాడు. అభిమానులు దానిని వీరగాథగా చెప్పుకుంటారు. వైద్యుడికి మాత్రం వెన్నులో వణుకు పుడుతుంది.

‘ఒకప్పుడు ఆడాను’ అనే భ్రమ

ఆట మానిన వ్యక్తి చెప్పే మొదటి మాట: “డాక్టరుగారూ, నేను యూనివర్సిటీ ప్లేయర్ని. నాకు షుగరేమిటి?” మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్లుంటుంది ఈ మాట. శరీరం పాత ధ్రువపత్రాలను గౌరవించదు. కఠిన సాధన ఆగిన కొద్ది వారాలకే గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గడం మొదలవుతుంది. ఆకలి మాత్రం అంత త్వరగా తగ్గదు. రోజూ రెండు గంటలు పరుగెత్తినవాడి భోజనం కుర్చీలో కూర్చున్నవాడి కంచంలోకి వస్తే అది నడుము చుట్టూ చేరక ఎక్కడికి పోతుంది?

1978లో రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ బృందం సుమారు 17,000 మంది హార్వర్డ్ పూర్వవిద్యార్థులపై జరిపిన పరిశోధనను ప్రకటించింది. కళాశాల జట్లలో ఆడి, ఆ తరువాత కదలిక మానినవారికి పాత ఆట గుండెపోటు నుంచి రక్షణ ఇవ్వలేదు. విద్యార్థి దశలో ఏ జట్టులోనూ లేకపోయినా నడివయసులో చురుకుగా ఉన్నవారు వారికంటే క్షేమంగా ఉన్నారు. వ్యాయామం బ్యాంకులో దాచుకునే సొమ్ము కాదు. అది ఏ రోజు కూలి ఆ రోజే.

మోకాలు, తల

మోకాటి ముందరి క్రూసియేట్ లిగమెంటు తెగినవారిలో దాదాపు సగం మందికి 10 నుంచి 20 ఏళ్లలో కీళ్ల అరుగుదల కనిపిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇరవై ఏళ్లకు గాయపడిన కుర్రవాడు నలభై దాటకముందే అలిపిరి మెట్ల దగ్గర నిలబడి, ఆ 3,550 మెట్లకు కిందనుంచే దండం పెట్టి బస్సెక్కుతాడు. సకాలంలో ఫిజియోథెరపీతో తొడ కండరాలను బలపరచి, బరువు అదుపులో ఉంచితే ఆ బాధను చాలావరకు తగ్గించవచ్చు. కాని ఆ మాట ఆ కుర్రవాడికి చెప్పినదెవరు?

తల విషయం ఇంకా గంభీరమైనది. స్కాట్లాండ్‌లో 7,676 మంది మాజీ వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లను పరిశీలించిన అధ్యయనం 2019లో వెలువడింది. మెదడు క్షీణత వ్యాధులతో మరణించే అవకాశం సామాన్యుల కంటే వారిలో సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అదే అధ్యయనంలో గుండెజబ్బుల మరణాలు తక్కువగా ఉన్నాయి. కనుక ఆటను నిందించనక్కరలేదు. వారు వృత్తి ఆటగాళ్లు. మన విద్యార్థులకు ఆ లెక్కను యథాతథంగా అంటగట్టకూడదు. అయినా తలకు దెబ్బ తగిలి తూలుతున్న కుర్రవాడి ముఖాన నీళ్లు చల్లి మళ్లీ మైదానంలోకి తోయడానికి మాత్రం ఏ సమర్థనా లేదు.

నిధులు లేవంటారా?

తిరుపతిలో ఈ సాకు చెల్లదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఉంది. వైద్య కళాశాల, రుయా ఆసుపత్రి, స్విమ్స్, ఫిజియోథెరపీ విద్య, మహిళా విశ్వవిద్యాలయం అన్నీ ఆ ఊరిలోనే ఉన్నాయి. ఇన్ని ఉన్నచోట క్రీడాకారుడి మోకాలిని పరీక్షించే చేయి దొరకదంటే ఎవరు నమ్మాలి? కొరవడినది సంకల్పం. నా డిమాండ్లు నాలుగే:

1. జట్టులో చేరేటప్పుడూ, విశ్వవిద్యాలయం విడిచేటప్పుడూ పూర్తి వైద్యపరీక్ష జరపాలి. విద్యార్థినులకు రక్తహీనత పరీక్ష తప్పనిసరి చేయాలి.
2. ప్రతి గాయాన్నీ నమోదు చేసి, పట్టాతోపాటు ఆ పత్రాన్ని కూడా ఆటగాడి చేతికివ్వాలి.
3. తలదెబ్బ అనుమానం కలిగిన ఆటగాడిని ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. వైద్యుడి అనుమతి లేనిదే తిరిగి సాధనకు పంపకూడదు.
4. పూర్వ క్రీడాకారులకు మైదానం తలుపులు తెరిచి ఉంచాలి.

తల్లిదండ్రులకూ ఒక మాట. ‘ఆటలు కూడు పెడతాయా?’ అని చదువును, ఆటను పోట్లాడించకండి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు నాయకుడు తాలిమెరెన్ ఆవ్ అప్పటికి కలకత్తాలో వైద్య విద్యార్థి. పట్టా పొంది, స్వరాష్ట్రమైన నాగాలాండ్‌లో ఆరోగ్యశాఖ సంచాలకుడి పదవి దాకా ఎదిగాడు. చదువు వెన్నుదన్నుగా ఉన్న ఆటగాడు ఆట ముగిసిన రోజున అనాథ కాడు.

ఇక మాజీ క్రీడాకారులారా, విశ్వవిద్యాలయం మేల్కొనే దాకా మీరు ఆగనవసరం లేదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవండి. రెండు రోజులు కండరాల వ్యాయామం చేయండి. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి. ముప్పై దాటాక ఏటా రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించుకోండి. పొగాకు ముట్టకండి. చాలా కాలంగా ఆట మానినవారు ఒక్కసారిగా పోటీ ఆటకు దిగవద్దు. నడకతో మొదలుపెట్టండి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే ముందు వైద్యుణ్ణి కలవండి.

ఆటగాడి దేహం కప్పు గెలిచే పనిముట్టు కాదు. అతడు మరో నలభై, యాభై ఏళ్లు దానిలోనే కాపురం ఉండాలి. ఆ సంగతి గుర్తించని క్రీడావిభాగానికి ఎన్ని పతకాలు వచ్చినా అది విద్యాసంస్థలో భాగం అనిపించుకోదు.