న్యాయవాది ఎవరి పక్షము?

ఊరిలో నొక ఘోరకృత్యము జరిగి ప్రజల మనస్సులు రగిలియున్నపుడు, పట్టుబడినవాని పక్షమున వాదించువానిని లోకులు కూడ నేరస్థునివలెనే చూతురు. దేశమున పలుచోట్ల న్యాయవాదుల సంఘములే ఫలానా ముద్దాయికి ఎవ్వరును వకాల్తా పుచ్చుకొనరాదని తీర్మానించిన సందర్భములు కలవు. అట్టి తీర్మానములు రాజ్యాంగమునకును వృత్తిధర్మమునకును విరుద్ధములనియు, చెల్లనేరవనియు 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు మహమ్మద్ రఫీ వ్యాజ్యమున స్పష్టముగా తీర్పు చెప్పినది. తీర్పు వచ్చినది గాని జనుల తలంపు మారలేదు. కావున ఈ విషయమును మన పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

పామూరు సీమవారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. 1872లో వినోదరాయునిపాలెమున జన్మించి, తన పేరిట ఒక జిల్లా వెలయునంతటివాడైన టంగుటూరి ప్రకాశము పంతులుగారు బారిష్టరు. మదరాసులో వేలకు వేలు ఆర్జించుచున్న వృత్తిని సహాయనిరాకరణోద్యమ కాలమున, 1921లో, ఆయన తృణప్రాయముగా విడిచిపెట్టెను. న్యాయస్థానము పరప్రభుత్వపు చేతిలోనిదై యున్నపుడు దానిని విడుచుటయే ధర్మముగా తోచినది. 1950 జనవరి 26 తరువాత స్థితి మారినది. ప్రజల హక్కులు శాసనరూపము దాల్చినవి. ఆ హక్కులను ప్రభుత్వమే అతిక్రమించినపుడు న్యాయస్థానములో ప్రవేశించి నిలదీయుటయే న్యాయవాదికి ధర్మమైనది. నాటి త్యాగమును నేటి సేవయు ఒక్క చెట్టు కొమ్మలే.

1975లో విధింపబడిన అత్యవసర పరిస్థితి ఈ ధర్మమునకు అగ్నిపరీక్ష. కారణము చెప్పకయే జనులను చెరలో నుంచిరి. నిర్బంధితుని కోర్టు ఎదుటికి తెప్పించు హెబియస్ కార్పస్ దరఖాస్తులు విచారింపదగినవేయని తొమ్మిది హైకోర్టులు పలికినను, 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు ఆ ద్వారమును మూసివేసిరి. జస్టిస్ ఖన్నా యొక్కరే భిన్నముగా తీర్పు వ్రాసిరి. ఆ నలుగురి తీర్పు తప్పని అదే న్యాయస్థానము 2017లో ఒప్పుకొనుటకు నలువదియొక్క సంవత్సరములు పట్టినది.

ఆ చీకటి దినములలో హైదరాబాదున నిర్బంధితుల పక్షమున నిలిచినవారిలో కె. జి. కన్నబిరాన్ గారు ముఖ్యులు. సికిందరాబాదు కుట్రకేసులో ముద్దాయిలకు వాదించినవారాయన. 1977లో జస్టిస్ భార్గవ విచారణసంఘము ఎదుట, ఎన్‌కౌంటరులని ప్రభుత్వము చెప్పిన మరణములను గూర్చి పోలీసులను ప్రశ్నించినవారును ఆయనయే. 1978 నుండి 1994 వరకు ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘమునకు అధ్యక్షులై యుండిరి. ఇట్టివారిని ప్రభుత్వ పక్షమువారు నక్సలైటుల వకీళ్లనిరి. ఆ నింద నిజమా? వారు అడిగినది ఒక్కటే: మనిషిని చంపు అధికారము పోలీసువానికి ఏ చట్టమిచ్చినది? ఈ ప్రశ్న ఏ పక్షమునకును చెందినది కాదు, ప్రతి గృహస్థునకును చెందినది.

1985 జూలై 17న ఆనాటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో ఆరుగురు దళితులు హతులైరి. బొజ్జా తారకం గారు అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆయన ఆ పదవికి రాజీనామా యిచ్చి బాధితులతో నిలిచెను. ఆ కేసు సుప్రీంకోర్టులో ముగియుటకు 2008 వరకు ఇరువదిమూడు సంవత్సరములు పట్టినది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనమండుగురు దళితులు హతులు కాగా, విచారణ ఆ ఊరనే జరుగవలయునని పట్టుబట్టి ప్రత్యేక న్యాయస్థానమును సాధించిరి. 2007 జూలై 31న ఇరువదియొక్కరికి యావజ్జీవ శిక్ష పడినది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసినది.

ఇచ్చట కొందరు ఆక్షేపింతురు. ఒకచోట ముద్దాయి పక్షము, మరియొకచోట బాధితుని పక్షము, ఇదెక్కడి న్యాయము అని. ఆలోచించినచో ఇందు వైరుధ్యము లేదు. చెరలో నున్న ముద్దాయి యెదుట ప్రభుత్వము బలవంతము. పల్లెలోని దళితుని యెదుట భూస్వామి బలవంతుడు. బలము ఏ వైపున చట్టమును మీరునో దాని కెదురుగా నిలుచుటయే పౌరహక్కుల న్యాయవాది పని. గణితశాస్త్రాచార్యులుగా నుండి పిమ్మట న్యాయవాదియైన కె. బాలగోపాల్ గారు దీనిని ఇంకను ముందుకు గొనిపోయిరి. ప్రభుత్వ హింసతోపాటు సాయుధోద్యమముల హింసను కూడ ఆయన ప్రశ్నించెను. 1998లో మానవహక్కుల వేదిక స్థాపకులలో ఒకరైరి. 2009 అక్టోబరు 8న మరణించిరి.

ఆ ఏటనే, ఫిబ్రవరి 6న, పౌరహక్కుల సంఘము వేసిన వ్యాజ్యమున హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఎన్‌కౌంటరు మరణములపై కేసు నమోదుచేసి దర్యాప్తు జరుపవలయునని తీర్పు చెప్పెను. సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసినది. అయినను ఆ వాదము వ్యర్థము కాలేదు. 2014 సెప్టెంబరు 23న అదే సుప్రీంకోర్టు, మహారాష్ట్రమునకు సంబంధించిన వ్యాజ్యమున, కేసు నమోదును స్వతంత్ర దర్యాప్తును విధించుచు పదునారు సూత్రములను ప్రకటించినది. ఓడిన వాదము కూడ తరువాతివానికి మెట్టగును.

ఇక మన కర్తవ్యమేమి? పట్టుబడినవానికి కారణము తెలుపవలయుననియు, తాను కోరిన న్యాయవాదిని సంప్రదింపనీయవలయుననియు, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలయుననియు రాజ్యాంగము 22వ అధికరణము శాసించుచున్నది. స్త్రీలకు, బాలురకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము కల్పించినది. కాని తెలియని హక్కు గోతిలో పాతిన ధనము వంటిది. ఇది గ్రహించియే తారకం గారు "పోలీసులు అరెస్టు చేస్తే" అను గ్రంథమును సామాన్యులకై తెలుగున వ్రాసిరి. అట్టి పుస్తకము పామూరు మొదలు గిద్దలూరు వరకు ప్రతి పఠనమందిరమున ఉండవలయును. చదువనేర్చినవారు చదువురానివారికి వినిపింపవలయును. న్యాయవాదులు నెలకొక్క దినమైనను పల్లెలకు పోయి ఈ హక్కులను బోధింపవలయును. జనుల కోపమునకు వెరచి వకాల్తా నిరాకరింపకుండుటయు వారి విధియే.

పదిమంది మెచ్చుకొను మనిషికి వకీలు సులభముగా దొరకును. పదిమంది రాళ్లు రువ్వు మనిషికి దొరకినప్పుడే న్యాయస్థానము న్యాయస్థానమగును. నేడు అట్టివానికి తలుపు మూసిన ఊరు, రేపు తన నిర్దోషియైన బిడ్డకై ఏ తలుపు తట్టగలదు?