రంగులు ముందే వచ్చాయి, రీళ్లే మిగల్లేదు

తెలుగులో పూర్తి రంగుల చిత్రంగా ‘లవకుశ’ వచ్చింది 1963లో. అంతకు పదేళ్ల ముందే సింగపూర్‌లో ‘బులుహ్ పెరిందు’ రంగుల్లో ఆడింది. భాష మలయ్. తీసింది కేథే-కెరిస్ సంస్థ, దర్శకుడు మన దేశం నుంచి వెళ్లిన బి.ఎస్.రాజహంస్. 1934లో మలయ్ భాషకు తొలి కథాచిత్రం ‘లైలా మజ్నూన్’ను ఇచ్చిందీ ఆయనే.

మలయ్ సినీ పరిశ్రమ పుట్టుకే ఒక ఉమ్మడి కాపురం. పెట్టుబడి చైనీయులది, దర్శకత్వం భారతీయులది, నటన మలయ్ కళాకారులది. షా సోదరులు సింగపూర్‌లో జలాన్ అంపాస్ వీధిలో 1947లో స్టూడియో తెరిస్తే, ఇరవై ఏళ్లలో అక్కడి నుంచి నూట యాభైకి పైగా సినిమాలు వచ్చాయి. పినాంగ్ కుర్రాడు పి.రామ్లీ 1948లో ‘చింతా’లో చిన్న వేషం వేసి, కథానాయకుడికి నేపథ్యగానం చేశాడు. రెండేళ్లకే ‘బక్తి’లో తమిళుడైన ఎల్.కృష్ణన్ అతణ్ని కథానాయకుణ్ని చేశాడు. గాయక నటుడు సైగల్‌తో ‘స్ట్రీట్ సింగర్’ తీసిన ఫణి మజుందార్ 1956లో ‘హాంగ్ తువా’ను రంగుల్లో తీసినప్పుడు అందులో నాయకుడూ రామ్లీయే, సంగీతమూ అతనిదే.

అంత ముందుగా అందిన రంగు తర్వాత నిలవలేదు. మలేషియాకు ఇండోనేషియాతో వచ్చిన ఘర్షణ వల్ల అక్కడి మార్కెట్ పోయింది. ఇళ్లలోకి టీవీ వచ్చింది. జలాన్ అంపాస్ 1967లో మూతపడింది. 1964లోనే కౌలాలంపూర్‌లోని మెర్డెకా స్టూడియోకు మారిన రామ్లీకి అక్కడ సరైన సరంజామా దొరకలేదు. 34 చిత్రాలకు దర్శకత్వం వహించిన ఆ మనిషి తన చివరి సినిమాను 1972లో నలుపు తెలుపుల్లోనే తీశాడు. మరుసటి ఏడాది, 44 ఏళ్లకే కన్నుమూశాడు. పనిముట్టు ముందుగా చేతికొస్తే చాలదు. దాన్ని నిలబెట్టే స్టూడియో, మార్కెట్, చేయి తిరిగిన సాంకేతిక నిపుణులు ఉండాలి. మలయ్ సినిమా దెబ్బతిన్నది అక్కడే.

అంతకన్నా బాధ పెట్టేది మరొకటి. 1957లో బి.ఎన్.రావు తీసిన ‘పొంతియానాక్’ దయ్యం కథ జనాన్ని ఊపేసింది. ఈ రోజు దాని ప్రింటు ఎక్కడా లేదు. నిర్మాత హో ఆ లోక్ ఆ రీళ్లను పాడుబడిన గని గుంటలో పడేశాడని చెబుతారు. పాత ఫిల్ములో ఒక రకం నిప్పు తగిలితే భగ్గుమంటుంది, మరో రకం తేమకు పులిసి వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోతుంది. ఉష్ణమండలపు ఉక్కలో రెండూ ఎక్కువ కాలం బతకవు.

2009లో ‘గెంగ్’తో మలేషియా త్రీడీ యానిమేషన్ చిత్రం తీసింది. సంతోషమే. కానీ మలయ్ సినిమా సాంకేతిక చరిత్రలో అంతకన్నా గొప్ప పని, మిగిలిన పాత రీళ్లను శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చడం. కేథే-కెరిస్ మలయ్ చిత్రాలు 2014లో యునెస్కో ఆసియా-పసిఫిక్ స్మృతి పట్టికలో చేరాయి. దాచిపెట్టినవారి వల్లే అది సాధ్యమైంది.

మన తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు కూడా మిగల్లేదు. మూతపడిన హాళ్ల గదుల్లో, పాత పంపిణీదారుల ఇళ్లలో తుప్పు పట్టిన రీలు డబ్బాలు ఇంకా ఉండే ఉంటాయి. వాటిని పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఒక్క ఉత్తరం రాయండి.