సైకిలు తొక్కువారు – ట్రయాథ్లాను

దూరపు గ్రామములనుండి సైకిళ్లపై బడికి వచ్చు పై తరగతుల విద్యార్థులలో కొందఱికి ఇటీవల ట్రయాథ్లాను మీద మోజు కలిగినది. ఈత, సైకిలు, పరుగు అను మూటిని నడుమ విరామము లేక వరుసగ ముగింపవలసిన పందెమిది. సైకిలును విడువక దీని నెట్లు సాధింపవచ్చునని వారు మమ్మడుగుచున్నారు. కోరిక మెచ్చదగినదే, కాని వారు తలపెట్టిన మార్గము మాకు సమ్మతము గాదు. ఇప్పటి సైకిలు సాధన నంతయు నుంచుకొని, దానికి ఈతను, పరుగును చేర్చుటయే వారి యుద్దేశము. ఏదియు తగ్గింపక చేర్చుకొనుచు పోవుట సమతూకము గాదు.

ఈ పందెమున సైకిలువానికి మేలున్న మాట నిజము. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ఇది తొలిసారి చేరినప్పుడు ఈత 1.5, సైకిలు 40, పరుగు 10 కిలోమీటర్లు. దారిలో పెద్దపాలు సైకిలుదే. అపాయమును అందుండియే వచ్చును. ఏండ్ల తరబడి తొక్కినవాని గుండెయు ఊపిరితిత్తులును బలముగ నుండుటచే, మొదటి దినముననే గంటసేపు పరుగెత్త వచ్చునని వానికి తోచును. సైకిలుపై దేహభారమును సీటు మోయును; పరుగులో ప్రతి యడుగు తాకిడిని కాలే భరింపవలెను. ఆ తాకిడి నెఱుగని యెముకలును స్నాయువులును గట్టిపడుటకు నెలలు పట్టును. మోకాలి క్రింది యెముక నొప్పితో మూలబడువారిలో ఇట్టి బలవంతులును గలరు.

ఈతగాండ్రు, పరుగువారు, సైకిలువారు – వీరిలో నెవరు గట్టివారను వాదమునుండియే 1978లో హవాయి ద్వీపములలో మొదటి ఐరన్‌మ్యాన్ పందెము పుట్టినది. 15 మంది బయలుదేరిరి, 12 మంది ముగించిరి. సైకిలు దిగునప్పటికి ముందున్న జాన్ డన్‌బార్ పరుగులో వెనుకబడెను. త్రాగునీరు అయిపోగా సహాయకులు బీరు నిచ్చిరట! గెలుపు గార్డన్ హాలరుకు దక్కినది. బీరును గూర్చి మన బడిలో వేఱుగ చెప్పనక్కఱలేదు.

వారమునకు 5 దినములు సైకిలు సాధించువాడు దానిని 3 దినములకు తగ్గింపవలెనని మా యభిప్రాయము. శనివారపు దూరప్రయాణ మొక్కటి నిలుపుకొన్న చాలును. ఈత 2 దినములు. పరుగు ఒక దినము 20 నిమిషములు, నడుమ నడుమ నడకతో. మఱియొకనాడు సైకిలు దిగినవెంటనే 10 నిమిషములు మాత్రమే. అప్పుడు కాళ్లు తనవి కానట్లు తోచును. ఈ సాధనను ఆంగ్లమున బ్రిక్, అనగా ఇటుక, అందురు, పేరు తగియున్నది. ఆదివారము ఆరాధనకును విశ్రాంతికిని. కండలు కోలుకొనునది ఆ దినముననే. మొదటి పందెముగ 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు గల చిన్నదానిని ఎన్నుకొనవలెను. 200 కిలోమీటర్లను 13½ గంటలలో ముగించు బ్రెవే ప్రయాణమును అదే కాలమున పెట్టుకొనరాదు.

తలిదండ్రులకు మా మనవి ఈతను గూర్చి. సైకిలు బలము నీటిలో అక్కఱకు రాదు. లాకుల దగ్గఱ కాలువ పైకి నిమ్మళముగ కన్పడినను లోపల లాగును. కాలువలో నైనను, దిగుడుబావిలో నైనను పిల్లల నొంటరిగ దిగనీయకుడు. నేర్పువాడున్న ఈతకొలను పట్టణమున నున్నచో బస్సు ఛార్జి పెట్టి పంపుడు. ఖరీదైన సైకిలు కొనుటకంటె ఇది ముందు చేయదగినది. బ్రేకులు సరిగనున్న పాత సైకిలును, తలకు హెల్మెట్టును మొదటి పందెమునకు చాలును.

పదవ తరగతివారు మాత్రము సంక్రాంతి సెలవుల తరువాత వారమునకు 2 సైకిలు దినములను, ఒక ఈతను ఉంచుకొని, పరుగును పబ్లిక్ పరీక్షలు ముగిసినపిమ్మట మరల 10 నిమిషములతో నారంభింపవలెను.