ఆడకూలికి వేరే రేటు ఎవరు పెట్టారు?

నాట్ల కాలంలో ఏ ఊరికి పోయినా రెండు రేట్లు వినపడతాయి. మగకూలి ఇంత, ఆడకూలి ఇంత. ఎందుకని అడిగితే "అది మామూలే గదా" అంటారు. ఆసామి అంటాడు, మేస్త్రీ అంటాడు, మన మగ కూలీలూ అంటారు. చివరికి ఆడకూలీలు కూడా అదే మాట అంటారు. తరతరాలుగా జరిగే అన్యాయానికి మామూలు అని పేరు పెట్టుకున్నాక దాన్ని గురించి అడిగేవాళ్ళే ఉండరు. అందుకే వ్యవసాయ కార్మికులలో పనిచేసే వాళ్ళం ఈ "మామూలు"ను విప్పి చూడటం అవసరమని మేము భావిస్తున్నాం. చేలో రెండు రేట్లకూ ఇంట్లో పడే దెబ్బలకూ సంబంధం ఉంది. ఆ సంబంధాన్ని గుర్తించకుండా కూలి పోరాటం ముందుకు పోదు.

తేలిక పని అనే అబద్ధం

మగవాళ్ళది బరువు పని, ఆడవాళ్ళది తేలిక పని అని భూస్వాములు చెబుతారు. నాటు వేయడం తేలిక పనా? పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా నడుం వంచి, బురదలో కాళ్ళు దిగబడుతుంటే, వెనక్కి వెనక్కి జరుగుతూ నాటాలి. వాన పడినా, ఎండ కొట్టినా నడుం ఎత్తేది తక్కువ. మిరప కోతలో చేతులు మండుతాయి. పత్తి తీతలో వేళ్ళు గీరుకుపోతాయి. మందు కొట్టిన చేలో కలుపు తీస్తే ఆ మందంతా ఒంటికే. బస్తా మోయడం ఒక్కటే బరువైతే ఇవన్నీ ఏమిటి?

ఇంకో సంగతి చూడండి. కొన్నేళ్ళుగా తెలంగాణ జిల్లాలకు బీహారు, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి మగ కూలీలు వచ్చి నాట్లు వేస్తున్నారు. ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటున్నారు. పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఆ పేదలతో మనకు తగాదా లేదు, వాళ్ళూ మన వర్గమే. కాని నాటు ఆడవాళ్ళ పని, అది వాళ్ళ చేతులకే వస్తుంది అని ఇన్నాళ్ళూ చెప్పిన మాట ఏమైనట్టు? మగవాడు వేసినా మొక్క బతుకుతోంది గదా. అంటే పనిని బట్టి రేటు పెట్టలేదు, చేసే మనిషిని బట్టి పెట్టారన్నమాట.

యంత్రాల విషయంలోనూ ఇదే. వరికోత యంత్రం వచ్చాక కోత, కట్ట, నూర్పిడి పనిదినాలు పోయాయి. గడ్డిమందు వచ్చాక కలుపు పని తగ్గింది. ఈ రెండు దెబ్బలూ ఎక్కువగా తగిలింది ఆడవాళ్ళకే. యంత్రం మీద కూర్చున్నది మాత్రం మగవాడు. ఆడవాళ్ళకు యంత్రం నడపడం రాదంటారు. నేర్పితే గదా వచ్చేది!

పొగిడి కూలి తగ్గించడం కూడా ఉంది. మహబూబ్‌నగర్, కర్నూలు ప్రాంతాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం చేలల్లో పువ్వుకు పువ్వు అంటించే క్రాసింగ్ పనికి 1990లలో, 2000 తర్వాత కొన్నేళ్ళపాటు వేలాదిగా ఆడపిల్లలను పెట్టారు. ఆడపిల్లలకు ఓపిక ఎక్కువ, చేతులు సున్నితం అన్నారు. ఆ ఓపికకు ఎక్కువ కూలి ఇచ్చారా? బడి మాన్పించి తక్కువ కూలి ఇచ్చారు.

చట్టం ఏం చెప్పింది?

సమాన పనికి సమాన వేతనం అని రాజ్యాంగంలోని 39వ అధికరణం చెబుతోంది. దానికోసం 1976లో సమాన వేతనాల చట్టం చేశారు. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్‌లో దాన్ని కలిపేశారు. ఇన్ని చట్టాలు వచ్చినా చేలో రెండు రేట్లు పోలేదు. ఒకచోట మాత్రం ఒకే రేటు సాధ్యమేనని రుజువైంది. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పని మొదలైంది. అందులో ఆడామగా తేడా లేకుండా ఒకే రేటు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ పనిదినాల్లో సగానికి మించి ఆడవాళ్ళే చేశారు. వాళ్ళు మట్టి తవ్వారు, ఎత్తారు, మోశారు. మరి బరువు పని చేతకాదన్న మాట ఎక్కడికి పోయింది?

రెండు రేట్ల వల్ల లాభం ఎవరికి? మగ కూలీకి కాదు. ఆడకూలి తక్కువకు దొరుకుతున్నంత కాలం "ఇష్టమైతే రా, లేకపోతే ఆడవాళ్ళను పిలుచుకుంటా" అని ఆసామి మగవాడినీ బెదిరిస్తాడు. ఆమె రేటు కింద ఉన్నంతకాలం మన రేటు పైకి పోదు. ఈ లెక్క మన తమ్ముళ్ళకు అర్థం కావాలి.

ఇంట్లో మిగిలిన వెట్టి

చేలో పని అయ్యాక మగవాడు అరుగు మీద కూర్చుంటాడు. ఆడది పొయ్యి దగ్గర కూర్చుంటుంది. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో కూలి లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు అయిదు గంటలు, దానికి పెడుతున్నారని తేలింది. ఇంటిపనిలో చెయ్యిపెట్టే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు చెయ్యిపెట్టే మగవాళ్ళే నూటికి 26 మంది. 2024లో మళ్ళీ సర్వే చేస్తే ఆడవాళ్ళవి 289 నిమిషాలు, మగవాళ్ళవి 88 నిమిషాలు. అయిదేళ్ళలో మారింది ఇంతే.

కూలి లేకుండా, వద్దనడానికి వీల్లేకుండా చేయించుకునే పనిని తెలంగాణలో వెట్టి అన్నాం. దొర గడీలో వెట్టికి ఎదురు తిరిగిన జాతి మనది. మరి ఇంట్లో సాగేదాన్ని ఏమనాలి? కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం ఎలా పుట్టాయో 1884లో ఎంగెల్స్ రాశాడు. ఆస్తి మగవాడి చేతికి వచ్చినప్పటినుంచే ఆడదాని మీద పెత్తనం కూడా వచ్చిందని వివరించాడు. మనకు ఆస్తి లేదు గదా అని కొందరు అంటారు. నిజమే. కాని ఆస్తిపరుల ఇళ్ళలో పుట్టిన పద్ధతిని ఆస్తి లేనివాడు కూడా మోస్తున్నాడు. కూలోడి ఇంట్లో ఆడదాని చాకిరీకి లెక్క లేకపోబట్టే ఆసామి అంత తక్కువ కూలితో మన కుటుంబాలను నడిపించగలుగుతున్నాడు.

దెబ్బ ఎందుకు న్యాయమనిపిస్తోంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా మొగుడు పెళ్ళాన్ని కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి పోవడం, ఇల్లు పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడకకు ఒప్పుకోకపోవడం, వంట సరిగా చేయకపోవడం, అనుమానం, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి సుమారు 84 మంది ఆడవాళ్ళు ఏదో ఒక కారణానికి సబబే అన్నారు. దేశంలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ.

దీన్ని చూసి "ఆడవాళ్ళే ఒప్పుకుంటున్నారు, మనకేంటి" అనే పెద్దమనుషులున్నారు. ఆ ఏడు కారణాలనూ మళ్ళీ చదవండి. ఏడూ ఆమె చేయాల్సిన పనుల జాబితాయే. పని తప్పితే దెబ్బ. పాలేరుకు ఆసామి పెట్టిన నియమం కూడా ఇదే గదా. దేశంలో కమతాలు నడిపేవాళ్ళలో ఆడవాళ్ళు 2015-16 లెక్కల ప్రకారం నూటికి సుమారు 14 మందే. భూమి పట్టా లేదు, ఇల్లు ఆమె పేర లేదు, పుట్టింటివాళ్ళు "సర్దుకుపో అమ్మా" అంటారు. పోవడానికి చోటు లేని మనిషి దెబ్బ తప్పని చెప్పి ఎక్కడికి పోతుంది? పాలేరు కూడా ఒకప్పుడు దొర కొడితే తప్పు తనదేనన్నాడు. అతను అలా అన్నాడని దొరతనం న్యాయమైపోలేదు.

కోపం ఆపుకోలేక కొట్టాడని ఇంకొందరు సర్ది చెబుతారు. కూలి ఎగ్గొట్టిన ఆసామి ముందు అదే మనిషి చేతులు కట్టుకుని నిలబడతాడు. అక్కడ ఆపుకున్న కోపం ఇంటికొచ్చేసరికి ఎందుకు ఆగదు? ఎవరి మీద చెయ్యెత్తితే ఏమీ కాదో అతనికి తెలుసు. తాగి కొట్టాడు అనే మాటా అంతే. తాగినవాడు సర్పంచిని కొట్టడు. తాగనివాళ్ళలోనూ కొట్టేవాళ్ళున్నారు. తాగుడు మంటకు గాలి ఊదుతుంది, అసలు మంట మాత్రం పెత్తనమే. అయినా సారా మీద ఆడకూలీలు చేసిన పోరాటాన్ని మరువలేం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు సారా పాకెట్లను అడ్డుకున్నారు. రోశమ్మ వంటివారు ముందు నడిచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి 1997లో పోయింది. సర్కారు ఖజానాకు మద్యం డబ్బు కావాలి, ఆ డబ్బు ఎవరి గాజుల చేతుల కూలో మనకు తెలుసు.

ఈ పెత్తనం మగవాడిని కూడా సుఖంగా ఉండనివ్వడం లేదు. సంసారం తానొక్కడే ఈదాలి, కష్టం చెప్పుకోవడం నామోషీ అని నేర్పారు. కౌలుకు చేసి, అప్పులపాలై ఉరి వేసుకున్నవాళ్ళ ఇళ్ళలో అప్పు ఎంతుందో భార్యకు అప్పులవాళ్ళు వచ్చాకే తెలుస్తున్నది. ఇద్దరూ కూర్చుని లెక్క మాట్లాడుకునే సంసారమైతే ఆ ప్రాణాల్లో కొన్నయినా నిలిచేవి.

సంఘం చేయాల్సింది

మొగుడూ పెళ్ళాల గొడవ సంఘానికెందుకు, వర్గపోరాటం పక్కదారి పట్టదా అని అడిగేవారున్నారు. వీర తెలంగాణ పోరాటంలో పాలకుర్తి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది. వందలాది ఆడవాళ్ళు దళాలకు అన్నం మోశారు, తుపాకీ పట్టారు. 1951లో పోరాటం ఆగాక వాళ్ళలో చాలామందిని ఇక ఇళ్ళకు పోండి అన్నారు. ఆ బాధను వాళ్ళే 1986లో వచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"లో చెప్పుకున్నారు. పోరాటానికి పనికొచ్చిన మనిషి నిర్ణయాలకు పనికిరాదంటే సగం బలాన్ని మనమే వదులుకున్నట్టు.

అందుచేత కొన్ని పనులు వెంటనే చేపట్టాలి. కూలి రేటు మాట్లాడే కమిటీలో ఆడకూలీలు సగం మంది ఉండాలి. గుత్తకు పని ఒప్పుకునే ముఠాలకు ఆడవాళ్ళే మేస్త్రీలు కావాలి. కోత యంత్రం, ట్రాక్టరు నడపడం ఆడపిల్లలకు నేర్పించమని ప్రభుత్వాన్ని అడగాలి. పంచే భూమికి, ఇంటిస్థలానికి పట్టా ఆమె పేర ఉండాలి. తెలంగాణలో 2014 ఆగస్టు 15న దళిత స్త్రీల పేర మూడెకరాలిస్తామని మొదలుపెట్టిన పథకం కొద్ది కుటుంబాలకే దక్కి నిలిచిపోయింది. ఆ భూమి సంగతి అడగడం మానకూడదు. ఆమె కూలి ఆమె చేతికే రావాలి.

దెబ్బల పంచాయితీని పెద్దమనుషుల చేతిలో పెట్టకూడదు. కొన్నిచోట్ల కొట్టినవాడికి జరిమానా వేసి, ఆ డబ్బుతో పెద్దలు తాగి, ఆమెను మళ్ళీ ఆ ఇంటికే పంపిస్తున్నారు. 2005లో చేసిన గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లోనే ఉండే హక్కు ఇచ్చింది. రక్షణ అధికారి దగ్గరికి ఆమె వెంట సంఘం పోవాలి. కొట్టినవాడు సంఘం నాయకుడైనా సరే.

సభకు ఆడవాళ్ళు రాలేదని అనుకునే ముందు సభ ఏ వేళకు పెట్టామో చూసుకోవాలి. పొద్దుగూకాక సభ పెడితే ఆ రోజు పొయ్యి దగ్గర మగవాడు కూర్చోవాలి. బిడ్డను చంకనేసుకోవాలి. దానికి ఏ సర్కారు జీవో అక్కరలేదు.

వచ్చే కారుకు నాట్ల రేటు మాట్లాడే రోజు ఎంతో దూరం లేదు. ఆ రోజు చావడి దగ్గర ఆసామి రెండు రేట్లు చెబుతాడు. మన మగ కూలీలే ముందుగా లేచి "ఒక్క రేటే చెప్పు" అని అడగాలి. అడిగిన ఊళ్ళోనే ఆడామగా కూలీలు ఒక్కటై నిలబడతారు.