ఐదో చేద

నెలకోసారి కూర్చుని కథలు చదువుకునే మా సాహితీ బృందంలో "చాలా బాగుందండీ" అననివాళ్లు లేరు. ఏది బాగుందో చెప్పేవాళ్లే లేరు. నన్ను నేను మినహాయించుకోవడం లేదు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైన లెక్చరర్లు. అందరమూ బతుకు పని చూసుకుంటూ తీరిక చిక్కినప్పుడు రాసేవాళ్లమే. ఈ పూట నీ కథకి నేను తలూపితే వచ్చే నెల నా కథకి నువ్వు ఊపుతావు. ఈ మర్యాదతోనే ఒక మంచి దయ్యం కథని చేతులారా పాడుచేశాం.

రాసినావిడ మాలో ఒకరు. కథ గోదావరి జిల్లాలోని ఒక మండువా ఇంట్లో జరుగుతుంది. ఇంటి పెద్దావిడ ధనిష్ఠా పంచకంలో పోయింది. ఆరు నెలలు ఇల్లు వదిలిపెట్టాలన్నాడు పురోహితుడు. సామాను సర్దుకుని, తాళం వేసి, వీధికి అవతల అద్దె ఇంట్లో దిగారు. మామగారు, ఇద్దరు కొడుకులు, పెద్దకోడలు: నలుగురు. అత్తగారు బతికి ఉండగా తెల్లవారుజామునే లేచి, అందరూ మొహాలు కడుక్కోవడానికి మనిషికో చేద చొప్పున నూతిలోంచి నీళ్లు తోడిపెట్టేది. గిలక చప్పుడుకే ఇల్లంతా మేలుకునేది. ఇప్పుడు తాళం వేసిన ఇంటి పెరట్లోంచి, అదే వేళకి, కోడలికి ఆ కీచుమనే చప్పుడు వినిపిస్తుంది. నాలుగుసార్లు. అత్తగారు తనను లెక్కలోంచి తీసేసుకుందన్నమాట.

కోడలు ఎవరికీ చెప్పదు. రోజూ లెక్కపెడుతూ పడుకుని ఉంటుంది. నాలుగు, నాలుగు, నాలుగు. ఒకనాడు గిలక ఐదోసారి తిరుగుతుంది. కోడలికి నెల తప్పిన సంగతి అప్పటికి భర్తకి కూడా తెలియదు. కథ అక్కడితో అయిపోతుంది. దయ్యం అన్న మాట ఒక్కచోటా రాదు. పాడుబడ్డ మేడ, గబ్బిలాలు, నడిజాము గజ్జెల మోత, ఏదీ లేదు. ఇల్లు మూసిపెట్టే ఆచారం మనకెందరికో తెలుసు. అలా మూసిన ఇంట్లో ఆ ఆరు నెలలూ ఏం జరుగుతుంటుందని ఈవిడకి తట్టింది, మాకు తట్టలేదు.

చదవడం ముగిసింది. మేమేం చేశాం? ఒకాయన సందేశం ఏమిటన్నారు. ఇంకొకాయన, ధనిష్ఠా పంచకాన్ని సమర్థిస్తున్నట్టు లేదూ అన్నారు. మరొకరు తమ మేనమామ ఊళ్లో చింతచెట్టు కింద జరిగిన సంగతి ఎత్తుకున్నారు. అక్కణ్నుంచి ఎవరి దయ్యం వాళ్లు చెప్పుకున్నాం, కథ మూలపడింది. నేను "కథనంలో బిగి ఉంది" అన్నాను. ఆ మాట ఏ కథకైనా అతుకుతుంది. నిజానికి ఐదో చేద దగ్గర గదిలో ఒక్కరం కదల్లేదు. ఆవిడకి చెప్పాల్సింది ఆ ఒక్కటే. భయపడ్డామని నలుగురిలో ఒప్పుకోవడం చదువుకున్నవాళ్లకి నామోషీ కదా!

ఈ నామోషీకి కొంత చరిత్ర ఉంది. 1980ల మొదట్లో యండమూరి 'తులసిదళం' వెర్రిగా చదివించినప్పుడు, ఇది చేతబడి మీద నమ్మకం పెంచుతోందని హేతువాదులు తప్పుపట్టారు. వాళ్ల ఆందోళన వట్టిది కాదు. చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు ఇప్పటికీ వింటూనే ఉన్నాం. కానీ ఆ వాదన పక్కనుంచి మేమొక సోమరి అలవాటు చేసుకున్నాం. దయ్యం కనిపిస్తే చాలు, కథ చూడక్కర్లేదు. 'చందమామ'ని దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు. శవంలోంచి మాట్లాడే బేతాళుడు ఆయనకేమీ అడ్డురాలేదు. ఆయన్ని తలుచుకుని సభలు పెట్టే మాకే వచ్చింది అడ్డంతా.

ఇంగ్లండులో ఎం.ఆర్. జేమ్స్ కూడా తీరిక వేళల్లో రాసినవాడే. వృత్తికి పాత రాతప్రతుల పండితుడు. 1893లో కేంబ్రిడ్జిలో ఒక చిన్న మిత్రబృందం ముందు తన దయ్యం కథలు చదివాడు. తర్వాత క్రిస్మస్‌కి మిత్రుల్ని కూర్చోబెట్టి, కొవ్వొత్తుల వెలుగులో కొత్త కథ చదవడం ఆనవాయితీ అయింది. వినేవాళ్లు ఎదురుచూశారు కాబట్టి ఆయన రాశాడు. వాళ్లలో జేమ్స్ మెక్‌బ్రైడ్ అనే మిత్రుడు ఆ కథలకి బొమ్మలు వేయడానికి పూనుకున్నాడు. నాలుగు పూర్తిచేసి 1904లో చనిపోయాడు. ఆ బొమ్మలు నిలవాలనే తపనే ఆ ఏడాది జేమ్స్ తొలి కథల పుస్తకం రావడానికి ఒక కారణం. సాటి రాతగాడి కథని మెచ్చుకోవడానికి మెక్‌బ్రైడ్ కుంచె పట్టాడు. మేం చేయి పెట్టింది ముగింపులో.

వార్షిక సంకలనంలో కథ వేస్తాం, కానీ చివర ఒక పేరా కలపండి అన్నాం. పక్కింటి పాలేరు గోడ దూకి వచ్చి నీళ్లు తోడుకుపోతున్నాడని తేలాలి, అంతే. ఆవిడ వాదించలేదు, కలిపి ఇచ్చింది. పాలేరుకి కోడలి నెల తప్పిన సంగతి ఎలా తెలుస్తుందని సంపాదకవర్గంలో ఉన్న మేమెవరమూ అడగలేదు. ఐదో చేద ఎందుకుందో మాకు అర్థమే కాలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆవిష్కరణ సభలో ముఖ్య అతిథి ఆ కథ పేరెత్తి, శాస్త్రీయ దృక్పథం ఉందని మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత ఆవిడ సమావేశాలకి వస్తోంది గానీ కథ తేవడం లేదు. సంకలనం రెండోసారి కూడా అచ్చయింది. ఆ పేరా అలాగే ఉంది. తీసేయమని ఆవిడ అడగలేదు, తీసేద్దామని మేమూ అనలేదు.