సంలీన విద్యుత్తు: ఖర్చు ప్రజలది, మరి హక్కు?

2022 డిసెంబరు 5న అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో 192 లేజర్ కిరణాలు ఒక చిన్న బంగారు గొట్టంలోకి దూసుకెళ్లాయి. అక్కడ పుట్టిన ఎక్స్ కిరణాలు లోపలున్న మిరియపు గింజంత ఇంధన గుళికను నలిపేసి కేంద్రక సంలీనం జరిపించాయి. లేజర్లు అందించింది 2.05 మెగాజౌళ్లు, వెలువడింది 3.15. ఆ లేజర్ల కోసం గ్రిడ్ నుంచి దాదాపు 300 మెగాజౌళ్లు లాగారన్నది వేరే లెక్క. కరెంటు తయారీకి ఇంకా చాలా దూరం ఉన్నా, దశాబ్దాలుగా అందని మెట్టు అందింది. దానికి డబ్బు పెట్టింది ఏ విద్యుత్ సంస్థో కాదు, అణ్వాయుధాల బాధ్యత చూసే ప్రభుత్వ విభాగం. అంటే పన్ను కట్టే పౌరుడు.

ఇప్పుడు ప్రైవేటు పెట్టుబడి ముందుకొస్తోంది. అమెరికాలోని సంలీన కంపెనీ కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ 2021లో ఒక్క విడతలోనే 180 కోట్ల డాలర్లకు పైగా సేకరించింది. ఇది స్వాగతించాల్సిన మార్పే. ఫ్రాన్స్‌లో ఏడు పక్షాలు కలిసి కడుతున్న ఇటర్ సంలీన యంత్రంలో పరిశోధన ప్రారంభం 2034కు, అసలు ఇంధనంతో ప్రయోగాలు 2039కి వాయిదా పడ్డాయి కాబట్టి, ప్రభుత్వాలను నమ్ముకుంటే ఇంతేననే వాదనకు బలం ఉంది. కానీ కామన్‌వెల్త్ పుట్టింది ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి. అక్కడి ఆల్కేటర్ సీ-మాడ్ అనే సంలీన ప్రయోగ యంత్రం 2016 దాకా నడిచింది అమెరికా ఇంధన శాఖ నిధులతోనే. లాభం కనుచూపు మేరలో లేని రోజుల్లో నష్టాన్ని భరించింది ప్రజలైతే, లాభం దగ్గరపడ్డాక వాళ్లను పక్కన పెట్టడం న్యాయం కాదు.

చవకైన సౌర విద్యుత్తు ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవారి మాటా కొట్టిపారేయలేం. ఈ దశాబ్దపు కాలుష్యాన్ని సంలీనం తగ్గించదు. అందుకే బ్యాటరీల, సౌర ఫలకాల నిధులకు కోత పెట్టి దీనికి ఇవ్వకూడదు. అలాగని రేపటి పరిశోధనను ఆపకూడదు.

మన దేశానికీ ఇందులో వాటా ఉంది. ఇటర్ నిర్మాణ వ్యయంలో భారత్ భాగం సుమారు 9 శాతం. ఆ యంత్రాన్ని చుట్టి ఉండే 3,850 టన్నుల క్రయోస్టాట్ అనే తొడుగు భాగాలు గుజరాత్‌లోని హజీరాలో తయారయ్యాయి. ప్రైవేటు పరిశోధనకు తక్కువ వడ్డీతోనో, వడ్డీ లేకుండానో అప్పులిచ్చే లక్ష కోట్ల రూపాయల పథకానికి 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇలాంటి డబ్బు సంలీనానికి ఇచ్చేటప్పుడు షరతులు పెడితే పెట్టుబడిదారులు పారిపోతారంటారు. తాను పెట్టే ప్రతి డాలరుకూ వాటా అడిగే పెట్టుబడిదారుడికి, ప్రజల రూపాయికి వాటా అడగడం కొత్తగా అనిపించదు. పేటెంట్లలో భాగం, పరిశోధన ఫలితాల ప్రచురణ, భవిష్యత్ కరెంటు ధరపై హామీ: ఈ మూడింటినీ డబ్బు చేతులు మారకముందే ఒప్పందంలో రాయించాలని మన ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టాలి.